పద్యం ఆగిన చోటు

పోయిన వారం కంబాలకుంట చావడిలో పంచాయితీ తెగేసరికి పొద్దు గూకింది. కొత్తగా ఈ కథలోకి వస్తున్నవాళ్ల కోసం నాలుగు ముక్కలు చెప్పుకుందాం. ఆ ఊళ్లో వాన ముఖం చాటేసిన ఏడు పురాణం చదివిస్తారు. చదివే హక్కు తిప్పేస్వామి ఇంటిది. చదివేవాళ్ల కళ్లు పేజీ మీదే ఉండాలి, కంఠతా వచ్చింది అప్పజెబితే చెల్లదు. అన్నిటికన్నా గట్టి కట్టుబాటు ఇంకొకటి ఉంది. పద్యం ఎత్తుకున్నాక చివరిదాకా గొంతు ఆగకూడదు. మధ్యలో ఆగితే వచ్చే మబ్బు కూడా మధ్యలోనే ఆగిపోతుందని ఊరి నమ్మకం. ఈ ఏడు తిప్పేస్వామి పక్షవాతంతో మంచాన పడ్డాడు, మాట పడిపోయింది. ఆ ఇంటి తరఫున మిగిలింది, నాయనను చూసుకోవడానికి ధర్మవరం నుంచి వచ్చిన కూతురు జ్యోతిలక్ష్మి ఒక్కతే. పదో తరగతి గట్టెక్కలేక బడి మానేసిన జ్యోతి, ఊరంతా మొద్దు అని పేరు పెట్టిన జ్యోతి, నేను చదువుతానని నిండు చావడిలో లేచి నిలబడింది. ఊరిపెద్ద సోమప్ప నవ్వలేదు, కాదనలేదు. పద్యం తెగితే మాత్రం పుస్తకం, దాన్ని పెట్టి చదివే పీట రెండూ తన ఇంటికి వచ్చేయాలన్నాడు. ఆయన మెత్తగా మాట్లాడాడంటే లోపల ఏదో లెక్క వేసుకున్నాడనే అర్థం.

చదవాల్సిన రోజు రానే వచ్చింది. మధ్యాహ్నం నాయనకు సంగటి కలిపి తినిపించి, మూతి తుడిచి, జ్యోతి తన కాగితాల కోసం గూట్లో చెయ్యి పెట్టింది. చేతికి గోడ తగిలింది. కాగితాలు లేవు.

ఆమె గూడంతా మళ్లీ తడిమింది. పాత పుస్తకం గూట్లోనే ఉంది, ఎర్ర గుడ్డలో చుట్టి. దాంతో ఆమెకు పనిలేదు. ఆ పుస్తకం తెరిస్తే చాలు, చిన్నప్పటి బడి మళ్లీ కళ్లముందుకు వస్తుంది. అందులో పద్యం మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా సందులేకుండా అతుక్కుని ఉంటుంది. పై వరసలోని ఒత్తులు కిందికి జారి, కింది వరసలోని గుడుల మీద ఎక్కి కూర్చుంటాయి. ఒక వరస చదువుతూ చదువుతూ ఉంటే ఎప్పుడు ఇంకో వరసలో పడిందో ఆమెకే తెలియదు. అయ్యవారు బెత్తం పట్టుకుని పక్కన నిలబడితే ఆ అక్షరాలు ఇంకా పెనవేసుకునేవి. చూసి చదవమంటే చూడకుండా ఉంటావేమే అని తిట్టేవాడు ఆయన. ఆమె చూస్తూనే ఉండేది. చూడటంలో ఆమె లోటు ఎప్పుడూ చేయలేదు.

దానికో పేరుందని జ్యోతికి ముప్పై దాటాక తెలిసింది. నాయన ఆసుపత్రి కాగితాలు జిరాక్సు తీయించడానికి కళ్యాణదుర్గంలో సుజాత డీటీపీ షాపుకు పోయినప్పుడు, ఆ కాగితాలను ఫోన్‌తో చదివించుకుని వింటూ ఉంటే సుజాత గమనించింది. సుజాత కొడుకు అభిలాష్‌దీ ఇదే బాధ. అనంతపురం డాక్టరు ఆ పిల్లవాణ్ని చూసి, ఇది బద్ధకం కాదు, తెలివి తక్కువా కాదు, డిస్లెక్సియా అంటారు, అక్షరాలను ఈ బుర్ర వేరే దారిలో పట్టుకుంటుంది, దారి ఇస్తే పట్టుకుంటుంది అని చెప్పాడట. ఆ మాట విన్న రోజు జ్యోతి షాపు బయట బెంచీ మీద చాలాసేపు కూర్చుంది. ఏడుపూ రాలేదు, సంతోషమూ కలగలేదు. ఇన్నేళ్లు తిన్న దెబ్బలన్నీ ఎవరికి తిరిగి ఇవ్వాలో తెలియక కోపం మాత్రం వచ్చింది.

వాన రాకపోతే తమ ఇంటి తరఫున చదవాల్సింది ఇక జ్యోతే కాబట్టి, తర్వాత ఎండాకాలమంతా ఇద్దరూ ఆ పురాణాన్ని మళ్లీ టైపు చేశారు. పేజీకి ఒక్క పద్యం. పెద్ద అక్షరాలు. వరసకూ వరసకూ మధ్య ఒత్తులు కాళ్లు చాపుకునేంత జాగా. కలిసిపోయిన మాటలు విడదీసి, మాటకూ మాటకూ నడుమ కాస్త ఎడం. కుడి అంచు గీత గీసినట్టు ఉండాలని మాటలను సాగదీయడం మానేశారు, ఎక్కడికి వచ్చిన వరసను అక్కడే వదిలేశారు. తెల్ల కాగితం కళ్లలో పొడుస్తుందంటే సుజాత లేత పసుపు కాగితం తెప్పించింది. ఎక్కడ విడదీయాలో చెప్పింది బాలప్ప పెద్దనాయన. పురాణంలో చదివేవాళ్ల పక్కన కూర్చుని అర్థం చెప్పే పెద్దమనిషి ఆయన. ఒక్కో పద్యం ఆయన చదివితే జ్యోతి ఫోన్‌లో పట్టుకుని, వినీ వినీ, ఎర్ర పెన్నుతో గుర్తులు పెట్టుకుంది. మొదటి పద్యం తడబడకుండా చదివిన నాడు సుజాత జిరాక్సు మిషను ఆపేసి మరీ విన్నది.

ఇప్పుడా కాగితాలే లేవు.

ఇల్లంతా వెతికి పెరట్లోకి వచ్చేసరికి, నీళ్ల పొయ్యి ముందు తల్లి అంజనమ్మ గొంతుక్కూర్చుని ఉంది. కాగితాల కట్ట ఒళ్లో ఉంది. పొయ్యిలో చెనిక్కాయ పొట్టు రాజుకుని పొగ లేస్తోంది.

జ్యోతి అరవలేదు. దగ్గరికి పోయి చెయ్యి చాపింది. "ఇట్ల ఇయ్యమ్మా," అంది.

"అగ్గిలో ఏద్దామనే తెచ్చినా," అంది అంజనమ్మ, పొయ్యి వైపే చూస్తూ. "చెయ్యి రాల్యా."

అయినా కట్టను కూతురి చేతికి ఇవ్వలేదు, రెండు చేతులతో పట్టుకునే ఉంది. తర్వాత చాలాసేపు ఆమె ఒక్కతే మాట్లాడింది. ఈ పీట మనకెందుకన్నది, సోమప్ప ఇంటికి పోతే పోనీ అన్నది, ధర్మవరంలో చీరల అంగట్లో హాయిగా పనిచేసుకునేదానివి, అల్లుడు గిరి పిల్లల్ని పెట్టుకుని ఒక్కడే అగచాట్లు పడుతున్నాడు, పొద్దున బస్సుకు వెళ్లిపొమ్మన్నది. జ్యోతి వింటూ నిలబడింది. తల్లికి ఊళ్లో నవ్వుతారని భయం కాబోలు అనుకుంది ముందు. కానీ ఆ ముఖంలో కనిపించేది సిగ్గు కాదు. కట్టను పొట్టకు అదుముకుంది. నవ్వుతారంటే ఎవరూ అట్లా అదుముకోరు.

జ్యోతి పక్కనే కూర్చుంది. పిల్లలకు చెప్పినట్టు నిదానంగా చెప్పింది. "నువ్వు ఈ ఎడం చూసి బయపడతాండావు, ఖాళీ వచ్చిన కాడల్లా నేను ఆగుతానని. ఆ ఖాళీ కంటికమ్మా, గొంతుకు కాదు. మాట మాటా విడిగా కనపడితే నేను ఆగను. కలిసిపోయి ఉంటేనే ఆగుతా."

అంజనమ్మ ఒక కాగితం పైకి తీసింది. ఆమెకు చదువు రాదు. అయినా ఆ ఎడాల మీద వేలు పెట్టి, ఒకదాని తర్వాత ఒకటి తడుముతూ పోయింది.

"ఓబిలేషు గూడా ఇట్లే రాసుకున్న్యాడు," అంది.

ఓబిలేష్ జ్యోతి అన్న. ఆమెకు ఊహ తెలిసీ తెలియని వయసులో, పదహారేళ్లవాడు, బళ్లారి ఆసుపత్రిలో జ్వరంతో పోయాడు. జ్యోతికి తెలిసిన కథ అదే. అతని ముఖం కూడా ఆమెకు సరిగా గుర్తులేదు. భుజాల మీద ఎక్కించుకుని చెనిక్కాయ చేలోకి తీసుకుపోయేవాడని, ఆ భుజాలు ఎముకలు తగిలి గుచ్చుకునేవని మాత్రం గుర్తు.

బొగ్గుతో రాసుకున్నాడట, గింజలు పోసే గది గోడ మీద. పద్యాలను మాట మాటా విడదీసి, చెయ్యంత చెయ్యంత అక్షరాలతో. పుస్తకంలో తనకు వరస చిక్కడం లేదని, గోడ మీద అయితే చిక్కుతోందని తల్లితో చెప్పాడు. సంబరంగా చదివి వినిపించాడు కూడా. సాయంత్రం తిప్పేస్వామి చూశాడు. పురాణాన్ని ముక్కలు చేశావా అని కొడుకును కొట్టి, వాడి చేతనే గోడకు సున్నం వేయించాడు. పుస్తకంలో చూసే చదవాలి, మా తాత అట్లే చదివినాడు, మా నాయన అట్లే చదివినాడు అన్నాడు. ఆ ఏడు తిప్పేస్వామికి గొంతు పూడుకుపోయింది, చదవాల్సింది వాడే.

"చదివినాడా?" అని అడిగింది జ్యోతి.

"చదివినాడు. మందలు ఊరికి తిరిగొచ్చే పద్యం వచ్చిందాకా బాగనే చదివినాడు. ఆడికొచ్చి ఆగినాడు. నోరు తెరిచినాడు, మాట రాల్యా. పుస్తకాన్ని కండ్లకాడికి పెట్టుకున్న్యాడు, దూరం పెట్టుకున్న్యాడు. అందరూ చూస్తానే ఉండారు. నేనూ చూస్తానే ఉన్న్యా."

అప్పటికి కొండ మీద మబ్బు నల్లగా కమ్ముకుని ఉందట. మరుసటి రోజుకు విడిపోయి బళ్లారి వైపు పోయింది. పోయే మబ్బు ఏ ఊళ్లోనైనా పోతుంది. కంబాలకుంటలో మాత్రం దానికి కారణం దొరికింది.

పొయ్యిలో పొట్టు కాలిపోయి పొగ తగ్గింది. లోపల మంచం కిర్రుమన్నది. తిప్పేస్వామి మంచం పెరటి వాకిలికి దగ్గరే. ఆయనకు మాట పోయింది కానీ వినికిడి పోలేదు.

అంజనమ్మ కొంగుతో ముఖం తుడుచుకుని, అటు చూడకుండా చెప్పింది. "వాడు జరం వచ్చి పోలేదు జోతీ."

జ్యోతికి ఆ మాట వెంటనే ఎక్కలేదు. అంజనమ్మ చెప్పుకుంటూ పోయింది, ఇన్నేళ్లు మోసినదాన్ని దించేస్తున్నట్టు, ఆగకుండా. పంచాయితీ పెట్టారు. వాన పడేదాకా ఓబిలేష్ ఊరి పొలిమేర తొక్కకూడదన్నారు. పడిన తర్వాత ఊరివాళ్లు ఎవరైనా పోయి పిలుచుకురావాలి, తనంతట తాను రాకూడదు. అంతే శిక్ష. కొట్టలేదు, జరిమానా వేయలేదు, చాలా దయగా తీర్పు చెప్పామనే అనుకున్నారందరూ. తిప్పేస్వామి కాదనలేకపోయాడు. కొడుకును కళ్యాణదుర్గం తీసుకుపోయి బస్టాండు ఎదుట ఒక హోటల్లో పనికి పెట్టాడు. వాన పడుతూనే వచ్చి పిలుచుకుపోతానని చెప్పి వచ్చాడు. వాడు రోజూ సాయంత్రం కంబాలకుంట బస్సు దగ్గరికి వచ్చి నిలబడి, దిగేవాళ్లనందరినీ మా ఊళ్లో వాన పడిందా అని అడిగేవాడట.

"పడిందా?"

"ఆ ఏడు పడల్యా. మరుసటేడు పడింది. దండిగ పడింది." అంజనమ్మ పుల్లతో పొయ్యిలో బూడిద కదిపింది. "తెల్లారుతానే ఊరంతా విత్తే గొర్లు కట్టినారు. తడి ఆరకముందే విత్తనం పడాల గదా. మీ నాయన గొర్రు పట్టినాడు. నేను విత్తనం వదిలినా. రేపు పోదాం, రేపు పోదాం అనుకుంటిమి. నేనే అంటి, ఈ చేను అయిపోనీ అని. నేనే జోతీ."

విత్తనం పని ముగిశాక తిప్పేస్వామి పోయాడు. కొడుకు అక్కడ లేడు. వాన పడిన సంగతి వాడికి ఆ సాయంత్రమే తెలిసిందని హోటలాయన చెప్పాడు. బస్సు దిగినవాళ్లు చెప్పారట, బ్రహ్మాండంగా పడింది, అందరూ చేలల్లో ఉన్నారని. వాడు గుడ్డలు సర్దుకుని బస్టాండులో కూర్చున్నాడు. తర్వాతి రోజూ కూర్చున్నాడు. ఆ తర్వాత ఒక పొద్దున చూస్తే లేడు. గుత్తి రైల్లో చూశామన్నారు ఒకరు, బళ్లారిలో చూశామన్నారు ఇంకొకరు. తిప్పేస్వామి తిరిగి తిరిగి ఇంటికొచ్చి, వాడు జ్వరంతో పోయాడని ఊళ్లో చెప్పాడు. ఊరు నమ్మలేదు. నమ్మినట్టు ఊరుకుంది. ఆ తప్పులో ఎవరి పాలు వాళ్లకుంది కాబట్టి అందరికీ ఆ జ్వరమే అనుకూలంగా ఉండింది.

జ్యోతి లేచి లోపలికి పోయింది. తిప్పేస్వామి ముఖం గోడ వైపు ఉంది. పనిచేసే ఎడమ చేత్తో దుప్పటి అంచు పట్టుకుని నలుపుతున్నాడు. కంటి నుంచి నీళ్లు ముక్కు మీదుగా దిండులోకి పోతున్నాయి. తుడవాలని ఆమెకు చెయ్యి లేచింది, మళ్లీ దిగిపోయింది. పొద్దున్నే ఆ మనిషికి ముఖం కడిగింది తనే, మధ్యాహ్నం సంగటి పెట్టింది తనే. ఇప్పుడు ఆయన మీద జాలిపడలేకపోయింది, అసహ్యించుకోనూ లేకపోయింది. చిన్నప్పుడు తనను పుస్తకం దగ్గరికి రానివ్వకపోవడం, బడి మానేస్తానంటే మారు మాట్లాడకుండా సరేననడం, అన్నీ ఇప్పుడు వేరేగా అర్థమవుతున్నాయి. తనను చేతకానిదానిగా చూశాడని ఇన్నాళ్లూ అనుకుంది. ఆయన భయపడ్డాడు. ఎందుకు భయపడ్డాడో చెప్పి ఉంటే, దానికో పేరుందని తెలిసిన రోజు ఆ బెంచీ మీద ఒంటరిగా కూర్చోవాల్సిన పని ఉండేది కాదు.

పెరట్లోకి తిరిగివచ్చి తల్లిని అడిగింది, అన్న సరిగ్గా ఎక్కడ ఆగాడని. అంజనమ్మ ఆ పద్యాన్ని సన్నగా రాగం తీసింది. అక్షరం రాని ఆడమనిషి, ఒక్క మాట తప్పు లేకుండా. మూడో పాదంలో సగానికి వచ్చి ఆపేసింది. దాని తర్వాత ఏముందో తనకు తెలియదన్నది. ఆ తర్వాత ఎవరు చదివినా తాను చెవులు మూసుకుంటానన్నది.

జ్యోతి గూట్లోని పాత పుస్తకం తీసి ఆ పద్యం వెతికింది. సరిగ్గా ఆ చోటే పొడుగాటి మాట ఒకటి వరస చివర తెగి, కింది వరసలో మళ్లీ మొదలైంది. పైనుంచి రెండు ఒత్తులు దాని నెత్తిన వేలాడుతున్నాయి. ఆమె చూస్తూ ఉండగానే ఆ వరస కదిలి, పక్క వరసలో కలిసిపోయింది. పుస్తకం మూసేసింది. అన్న ఆగింది దమ్ము చాలక కాదు. ఎవరూ చూడని ఒక చోట దారి మూసుకుపోయింది, అంతే. తన పసుపు కాగితంలో అదే మాట మూడు ముక్కలుగా, పక్కపక్కనే, తేటగా ఉంది. చదవడానికి రెప్పపాటు కూడా పట్టదు.

"పోతాండావా?" అంది తల్లి.

"పోతాండా."

అంజనమ్మ కట్టను ఆమె చేతిలో పెట్టింది. "చదివి గమ్మున ఇంటికి రా," అంది.

దీపాలు పెట్టే వేళకు చావడి నిండింది. ఎవరి ముఖంలోనూ కళ లేదు. చేలో చెనిక్కాయకు కాయ పట్టే ఊడ నేలలోకి దిగే సమయం, నేల రాయిలా ఉంటే ఊడ ఎక్కడ దిగుతుంది? అప్పు తెచ్చి వేసిన పంట కళ్లముందే ఎర్రబారుతుంటే పురాణమైనా ఆదుకుంటుందేమోనని వచ్చినవాళ్లే అందరూ. జ్యోతికి వాళ్లలో సగం మంది వరసైనవాళ్లే. చిన్నాయన, పెద్దమ్మ, మామ, అన్న. ఈ పూట ఒక్కో ముఖాన్నీ చూస్తూ, ఆ రోజు నువ్వెక్కడ కూర్చున్నావని లోపల్లోపల అడుగుతూ పీట దగ్గరికి నడిచింది.

సోమప్ప కాగితాలను అడిగి తీసుకున్నాడు. ఒక్కొక్కటే తిప్పి చూశాడు. చిన్నపిల్లల వాచకం మాదిరి ఉందే అన్నాడు, పురాణాన్ని ఇట్లా ముక్కలు చేయొచ్చా అని చావడినంతా అడిగాడు. అక్కడక్కడా గొణుగుడు లేచింది. బాలప్ప పెద్దనాయన తలపాగా సర్దుకుని, ఒక్క మాటా పోలేదు, ఒక్క అక్షరమూ పోలేదు, నేనే దగ్గరుండి చూసినానని చెప్పాడు. కళ్లజోడు పెట్టుకున్నవాళ్లను పెట్టుకోవద్దంటామా అని కూడా అడిగాడు. ఆయన మాటకు ఊళ్లో విలువుంది. గొణుగుడు ఆగింది.

"సరేలే, చదవనీ," అన్నాడు సోమప్ప కాగితాలు తిరిగి ఇస్తూ. "ఆ ఖాళీల్లో యాడన్నా ఆగినావో, పీట ఈడనే ఎత్తిపిస్తా."

పాత పుస్తకాన్ని పీట మీద పెట్టి, దాని మీద పసుపు కాగితాలు పరిచారు. జ్యోతి కూర్చుంది. కుడిపక్కన బాలప్ప కూర్చున్నాడు. ఆమె మొదటి పద్యం ఎత్తుకుంది.

మొదటి పద్యానికి చావడిలో దగ్గులు వినిపించాయి. రెండోదానికి తగ్గాయి. అక్షరాలు ఎక్కడివి అక్కడ ఉన్నాయి, ఒకదాని తర్వాత ఒకటి వచ్చి ఆమె గొంతులో పడుతున్నాయి. ఎడం దగ్గర కన్ను ఒక్క క్షణం నిలిచి ముందుకు పోతోంది, గొంతు మాత్రం సాగుతూనే ఉంది. పద్యం పూర్తికాగానే బాలప్ప అర్థం చెబుతున్నాడు, ఆయన ముగించగానే ఆమె మళ్లీ అందుకుంటోంది. వెనక వరసలో కుర్రాళ్లు ఫోన్లు పైకెత్తి రికార్డు చేసుకుంటున్నారు. మొద్దు అని పేరు పెట్టిన మేనత్త ఒకామె నోటికి కొంగు అడ్డం పెట్టుకుని వింటోంది. జ్యోతికి సంతోషం కలిగింది. దాచుకోవడం ఎందుకు, చాలా సంతోషం కలిగింది. జీవితంలో మొదటిసారి పదిమంది ముందు చదువుతోంది, పదిమందీ వింటున్నారు. ఇలాగే ఇంకొంచెం సేపు సాగితే పీట తమ ఇంట్లో ఉంటుంది, ఆ పేరు పోతుంది, పొద్దున పిల్లలకు ఫోన్ చేసి మీ అమ్మ చదివిందని చెప్పుకోవచ్చు.

పడమర నుంచి గాలి తిరిగింది. ఎవరో మబ్బు, మబ్బు అన్నారు మెల్లగా. అందరూ అటు చూసి, చూడనట్టు మళ్లీ తలలు తిప్పుకున్నారు. ఆశ బయటికి కనపడనిస్తే అది పారిపోతుందని వాళ్ల భయం.

జ్యోతి పేజీ తిప్పింది. మందలు ఊరికి తిరిగొచ్చే పద్యం.

కాగితాన్ని వేళ్లతో సరిచేసుకుంది. చదివేసి గమ్మున ఇంటికి రమ్మంది అమ్మ. చదవడం కష్టం కాదు. మొదటి పాదం ఎత్తుకుంది. గొంతు తనకే కొత్తగా వినిపించింది, నిండుగా. రెండో పాదం దాటింది. చావడిలో ముసలివాళ్లు ఒక్కొక్కరే తలలు దించుకోవడం కాగితం అంచు మీదుగా కనిపించింది. వాళ్లకు గుర్తుంది. అందరికీ గుర్తుంది. ఇన్నేళ్లలో ఈ పద్యం ఎన్నిసార్లు చదివించుకున్నారో, ప్రతిసారీ ఇట్లాగే తలలు దించుకుని, దాటిపోగానే ఎత్తుకుని ఉంటారు. తను కూడా దాటిపోతే, అన్నను దాటిపోయినట్టే.

మూడో పాదం సగానికి వచ్చింది. ఆ మాట ఎదురుగా ఉంది, మూడు ముక్కలుగా, తేటగా. జ్యోతి దాన్ని చూసింది. కాగితం మీద అరచెయ్యి పెట్టి ఆపేసింది.

దించుకున్న తలలు లేచాయి. మరిచిపోయిందేమో, మళ్లీ అందుకుంటుందేమో అని చూస్తున్నారు. గాలికి దీపం వాలి లేచింది.

"నాకు చదివేకి రాక ఆగలేదు," అంది జ్యోతి. "మిగిలింది కనపడతానే ఉండాది. మా అన్న ఓబిలేషు ఈడనే ఆగినాడు. ఊర్లోకి రావద్దన్న్యారు మీరు. వాన పడినంక పిలుచుకొస్తామన్న్యారు. మరుసటేడు వాన పడింది. ఆ పొద్దు మా అన్నను పిలుచుకొచ్చేకి కళ్యాణదుర్గానికి ఎవరు పోయినారు? అది చెప్పండి. చెప్పినంక మిగిలింది చదువుతా."

సోమప్ప లేచి నిలబడ్డాడు. పద్యం తెగిందన్నాడు, పీట ఎత్తమన్నాడు. ఎత్తడానికి ఎవరూ రాలేదు. మళ్లీ అన్నాడు. ముసలివాళ్లు నేలకేసి చూస్తున్నారు. కుర్రాళ్లకు ఏమీ అర్థం కాక, ఫోన్లు దించి, ఓబిలేష్ ఎవరని ఒకరినొకరు అడుగుతున్నారు. ఆ ప్రశ్న ఒక వరస నుంచి ఇంకో వరసకు పాకుతోంది, జవాబు మాత్రం ఏ నోటి నుంచీ రావడం లేదు.

జ్యోతి కళ్లలో నీళ్లు తిరిగాయి. వీళ్లు చెప్పరు. పీట పోయింది, పేరు పోయింది, పడబోయే వానను కూడా తానే ఆపిందని రేపటి నుంచి అంటారు. అయినా కాగితం మీది చెయ్యి తీయలేదు.

అప్పుడు పక్కన కూర్చున్న బాలప్ప కదిలాడు. తలపాగా తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. ఎండాకాలమంతా ఒక్కో మాటనూ ఆమె కోసం విడదీసి చదివిన గొంతే అది, కానీ ఆమె గుర్తుపట్టలేకపోయింది.

"నేను పోయినా తల్లీ," అన్నాడు ఆమెను చూడకుండా. "మీ నాయన కన్నా ముందే పోయినా. బస్టాండులో గుడ్డల మూట పట్టుకొని కూర్చోనుండాడు. నన్ను చూసి లేచి నిలబన్న్యాడు. నేనే వాన్ని పిలుచుకరాకుండా వచ్చినా."